మేక్రీ సర్కిల్ కాడ దింపన్నా!

బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్ అనంతపురం బస్సుకు దారిలోనే పడుతుంది. ఈ సంగతి బెంగళూరు వాళ్లకు అంతగా పట్టదు. జయనగర్ నుంచో కోరమంగళ నుంచో ఆ మైదానానికి చేరాలంటే వాళ్లు ఊరి ట్రాఫిక్ అంతా ఈదుకుంటూ రావాలి. మన బస్సు అలా కాదు. పెనుకొండ, కొడికొండ చెక్‌పోస్టు, బాగేపల్లి, చిక్కబళ్లాపురం, దేవనహళ్లి, యలహంక దాటి, హెబ్బాళ దిగి, బళ్లారి రోడ్డు మీద నేరుగా వచ్చి ఆ ప్రహరీ పక్కనుంచే మెజెస్టిక్‌కు పోతుంది. అనంతపురం నుంచి 200 కిలోమీటర్ల పైచిలుకు. మేక్రీ సర్కిల్‌లో దిగితే చాలు, ఆటో కూడా అక్కర్లేదు.

కానీ ఆ సర్కిల్‌లో దిగే అనంతపురం వాళ్లు అరుదు. పిల్లాజెల్లా, మూటాముల్లె వేసుకుని ఎక్కినవాళ్లు యలహంకలోనో హెబ్బాళలోనో దిగిపోతారు. అపార్ట్‌మెంట్లు లేచేది, మట్టిపని దొరికేది అటుపక్కే. ఉద్యోగాల వాళ్లు, ఆస్పత్రికి పోయేవాళ్లు మెజెస్టిక్ దాకా కదలరు. అందుకే 2007 మార్చి 17, శనివారం పొద్దున నల్ల టీషర్టులు తొడుక్కుని ఎక్కిన మమ్మల్ని చూసి కండక్టరుకు అనుమానం వచ్చింది.

“యాడికప్పా?”

“మేక్రీ సర్కిల్ కాడ దింపన్నా.”

“ఆడేముంది? పెండ్లా?”

ఆయన తప్పేం లేదు. ప్యాలెస్ గ్రౌండ్స్ అంటే కలిగినవాళ్ల పెళ్లిళ్లకు పెట్టింది పేరు. మార్చి ఎండలో నల్లబట్టలతో, అందులోనూ చొక్కా మీద కోరలు బయటపెట్టిన ఎముకల గూడు బొమ్మతో ఏ పెళ్లికి పోతారన్నదే ఆయనకు అర్థం కాలేదు. ఆ బొమ్మ పేరు ఎడ్డీ. ఐరన్ మెయిడెన్ బ్యాండు వెంట ఊరూరా తిరిగే దెయ్యం. 1975లో లండన్‌లో స్టీవ్ హ్యారిస్ మొదలుపెట్టిన ఆ బ్యాండు మన దేశంలో వాయించడం ఆ రోజే మొదలు. బెంగళూరుకు అంతకుముందు రాక్ రాలేదని కాదు. 2003లో రోలింగ్ స్టోన్స్ వచ్చారు, 2005లో మార్క్ నాఫ్లర్ వచ్చాడు. అయినా హెవీ మెటల్‌లో అంత పెద్ద పేరు ఈ గడ్డ మీద కాలు పెట్టడం అదే తొలిసారి కాబట్టి, ఢిల్లీ నుంచి, ఈశాన్య రాష్ట్రాల నుంచి రైళ్లెక్కి వచ్చిన కుర్రాళ్ల మధ్య మేమూ ఉన్నాం. ఢిల్లీ బ్యాండు పరిక్రమ మెయిడెన్‌కు ముందు వాయించింది.

అనంతపురంలో రాక్ ఎక్కడిదని అడుగుతారు. కరవు జిల్లా అంటే బీటలు వారిన చెరువు, ఎండిన శెనక్కాయ కట్టె, బొగ్గు ఇంజను కాలం నాటి రైల్వే స్టేషను తప్ప ఇంకేదీ ఫొటోకు పనికిరాదని పత్రికలవాళ్లం ఎప్పుడో తీర్మానించుకున్నాం. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన, దేశంలో జైసల్మేర్ తర్వాత మనమే అన్న మాట ప్రతి కథనంలోనూ మొదటి పేరాలో కూర్చుంటుంది. వాన కోసం ఎదురుచూసే నేలలో బ్యాండు కోసం ఎదురుచూసే పిల్లవాడు అని ఇక్కడ ఒక వాక్యం పడాలి. నేను రాయను. వాన రాకపోతే అప్పు పెరుగుతుంది. బ్యాండు రాకపోతే ఎవరికీ ఏమీ కాదు. ఆ రెంటినీ ఒక గాటన కట్టడం రైతును వెక్కిరించడమే.

అసలు దారి వేరు. అనంతపురంలో ఇంజినీరింగ్ కాలేజీ 1946 నాటిది, ఇప్పుడది జేఎన్‌టీయూ. కాలేజీ అంటే హాస్టళ్లు, హాస్టళ్లంటే నాలుగు జిల్లాల నుంచి, అవతలి రాష్ట్రాల నుంచి వచ్చిన పిల్లలు, వాళ్ల ట్రంకుపెట్టెల్లో క్యాసెట్లు. తరవాత సీడీల కాలం వచ్చింది. బెంగళూరు బస్సు దిగే మెజెస్టిక్‌కు పక్కనే గాంధీనగర్‌లో నేషనల్ మార్కెట్. ఒక్క సీడీలో నూట యాభై పాటలు కుక్కి అమ్మేవాళ్లు. దొంగ సరుకే. కానీ మెటాలికా, మెగాడెత్, పింక్ ఫ్లాయిడ్ మా ఊరికి వచ్చింది ఆ సీడీలలోనే. పనికి పోయినవాళ్లు తెచ్చుకునే చౌక సెల్‌ఫోన్లు, చార్జర్లు వచ్చిన సంచుల్లోనే ఇవీ వచ్చాయి. ఒకడు కొంటే హాస్టలు బ్లాకంతా కాపీ చేసుకునేది. సీడీ మీద మార్కర్‌తో పేరు తప్పుగా రాసి ఉండేది, పాటల వరస తలకిందులుగా ఉండేది. ఏ పాట ఏ ఆల్బంలోదో తెలుసుకోవడానికి నెట్ సెంటరులో గంటకు ఇరవై రూపాయలు పోసేవాళ్లం.

అలా విన్నవాడికి బ్యాండు ఎప్పటికీ ఒక గొంతే. మొహం లేదు, ఊరు లేదు. 1986లో వచ్చిన ‘మాస్టర్ ఆఫ్ పపెట్స్’లో బేస్ గిటార్ వాయించిన క్లిఫ్ బర్టన్, అదే ఏడు సెప్టెంబరులో స్వీడన్‌లో బ్యాండు బస్సు బోల్తాపడి చనిపోయాడని తెలిసేనాటికి మేం అతని వాయింపును కంఠతా పట్టి ఉన్నాం. మేం పుట్టేనాటికే పోయిన మనిషి మా గదిలో రోజూ వాయిస్తున్నాడన్నమాట.

మెయిడెన్ మీద నాకు గౌరవం. మెటాలికా మీద పిచ్చి. 1981లో లాస్ ఏంజిలిస్‌లో పుట్టిన ఆ బ్యాండు మన దేశానికి రావడానికి సరిగ్గా 30 ఏళ్లు పట్టింది. 2011 అక్టోబరులో రెండు కచేరీలని ప్రకటించారు. 28న ఢిల్లీ పక్కన గుర్‌గావ్‌లో, 30న బెంగళూరులో. దీపావళి 26న. పండక్కి ఊరికి వెళ్లి, అక్కడినుంచి ఆదివారం నేరుగా ప్యాలెస్ గ్రౌండ్స్‌కు పోవడమని లెక్క.

శుక్రవారం రాత్రి ఆ లెక్క తప్పేలా కనిపించింది. గుర్‌గావ్‌లో జనం ముందున్న బారికేడ్ కూలింది. కచేరీ మర్నాటికి వాయిదా అన్నారు, చివరికి రద్దయింది. గంటల తరబడి నిలబడ్డ అభిమానులు కొందరు స్టేజి ఎక్కి సామాను విరగ్గొట్టారు. ఆ దృశ్యాలు టీవీలో చూస్తున్న నాకు కోపం ఆ కుర్రాళ్ల మీద రాలేదు. ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్లు. ఇప్పుడు బెంగళూరు కూడా పోతుందేమోనన్న భయం ఒక్కటే. శనివారమంతా నాలాంటివాళ్లు ఒకళ్లకొకళ్లు ఫోన్లు చేసుకున్నారు. “ఉందంటనా?” “ఉందంట.” “నిజంగా ఉందంటనా?” అంతకుమించి ఎవరి దగ్గరా సమాచారం లేదు.

ఉంది. ఆదివారం మధ్యాహ్నానికి బళ్లారి రోడ్డు వెంట నల్లటి వరసలు. స్కాట్లండ్ బ్యాండు బిఫీ క్లైరో, బెంగళూరు కుర్రాళ్ల బ్యాండు ఇన్నర్ శాంక్టం ముందు వాయించాయి. ఆ స్థానిక కుర్రాళ్లను చూసి అసూయ కలిగిన మాట వాస్తవం. మాలాగే దొంగ సీడీలు విని పెరిగినవాళ్లు అదే స్టేజి మీద నిలబడ్డారు. తరవాత దీపాలు ఆరాయి. మెటాలికా కచేరీ ఎప్పుడూ ఒకేలా మొదలవుతుంది. ఎన్నియో మోరికోనే 1966లో ‘ది గుడ్, ది బ్యాడ్ అండ్ ది అగ్లీ’ సినిమాకు కట్టిన ‘ది ఎక్‌స్టసీ ఆఫ్ గోల్డ్’ బాణీ టేపు మీద వినిపిస్తుంది. దానికి మాటల్లేవు. 30 వేల పైచిలుకు జనం ఆ బాణీని గొంతెత్తి పాడారు. బ్యాండు ఇంకా కనిపించనేలేదు, మా పక్కన మీసాలు నెరిసిన ఒకాయన అప్పటికే ఏడుస్తున్నాడు.

ఆ తరవాత ‘క్రీపింగ్ డెత్’. సీడీలో విన్న వేగం కాదది, ఇంకా ఎక్కువ. ఇయర్‌ఫోన్స్‌లో కుడిచెవికో ఎడమచెవికో వచ్చే డ్రమ్స్ ఇక్కడ కాళ్లకిందినుంచి పైకి వచ్చి డొక్కల్లో తగిలాయి. ‘వన్’ పాటకు ముందు చీకట్లో తుపాకుల మోత, బాంబుల వెలుగులు. యుద్ధంలో కాళ్లూ చేతులూ చూపూ మాటా అన్నీ పోయి ఒక్క మెదడు మాత్రం మిగిలిన సిపాయి గోడు ఆ పాట. డాల్టన్ ట్రంబో నవల ఆధారంగా కట్టింది. ఇవన్నీ హాస్టలు గదిలో చదివి తెలుసుకున్నవే. తెలిసిన సంగతి ఒంటికి తగలడం వేరు.

నిజం చెప్పాలంటే స్టేజి మీది నలుగురూ మాకు సరిగ్గా కనపడలేదు. మేం నిలబడ్డ చోటు అంత వెనకది. జేమ్స్ హెట్‌ఫీల్డ్‌ను చూసింది ఎక్కువగా పక్కనున్న పెద్ద తెర మీదే. టీవీలో చూసినదానికి ఇదెంత మెరుగు అని ఎవరైనా అడిగితే చూపు వరకు పెద్ద తేడా లేదనే చెబుతాను. చూసిందల్లా పక్కవాళ్లను. అనంతపురంలో ఈ పాటలు వినేవాణ్ని నలుగురిలో వింతగా చూసేవాళ్లు. “ఆ అరుపులేందిరా” అని గది తలుపు బాదేవాళ్లు. ఇక్కడ, ఏ సోలోలో ఏ చోట చెయ్యెత్తాలో తెలిసిన జనం కనుచూపు మేర ఉన్నారు. ‘నథింగ్ ఎల్స్ మ్యాటర్స్’ వచ్చేసరికి భాషలు వేరైనవాళ్లు ఒకరి భుజాల మీద ఒకరు చేతులేసుకున్నారు. కళ్యాణదుర్గం నుంచి వచ్చిన ఇద్దరు అన్నదమ్ములు నాకక్కడే పరిచయమయ్యారు. ఒకే జిల్లాలో ఉంటూ ఇన్నాళ్లూ ఒకరికొకరం తెలియలేదు.

రాత్రి పదికి ముందే కచేరీ ముగిసింది. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం పది దాటితే లౌడ్ స్పీకర్లు మోగరాదు. బళ్లారి రోడ్డు మీదే రాత్రి బస్సు పట్టుకుని, తెల్లారేసరికి ఇల్లు చేరాను. గొంతు పోయింది, చెవుల్లో హోరు. మా నాయన అప్పుడే లేచి చేనుకు పోబోతున్నాడు.

“అయిపోయిందా?”

“రాత్రి పదికే అయిపోయింది నాయనా.”

“పదికా? అంతదూరం పోయి, అంత దుడ్డు పెట్టి, పదికే అయిపోతే అదేం ఆటరా?”

ఆయన ప్రశ్న అన్యాయమైనది కాదు. అనంతపురం పల్లెల్లో పదికి ఆట మొదలవుతుంది, ముగిసేది తెల్లారాక. ఆయన తరానికీ ఒక బ్యాండు ఉంది, పద్యనాటకం. పీసపాటి నరసింహమూర్తి కృష్ణుడు, ఈలపాట రఘురామయ్య కృష్ణుడు, షణ్ముఖి ఆంజనేయరాజు పద్యం. వాళ్లూ ముందు ప్లేట్లలోనో రేడియోలోనో గొంతులుగానే పరిచయం. నాటకం రోజున పది కోసులు ఎద్దులబండి మీద పోయి, స్టేజికి ఎదురుగా దుప్పటి పరిచి, ఆ గొంతు గల మనిషిని మొదటిసారి కళ్లతో చూసినవాళ్లు మా జిల్లాలో వేలమంది. పద్యం చివరి పాదంలో రాగం ఎత్తుకుని నటుడు హార్మోనియంతో పోటీ పడుతూ లాగుతాడే, గిటార్ సోలో అంతకంటే వేరు కాదు. రెండుచోట్లా కథ ఆగిపోతుంది, ఎవరికీ పట్టదు. వన్స్‌మోర్ కొడితే చచ్చిపడున్న పాత్రయినా లేచి మళ్లీ పాడాల్సిందే. ఆ విషయంలో రాక్ అభిమాని మర్యాదస్తుడు. ఎన్‌కోర్ ఏదో బ్యాండే ముందుగా నిర్ణయించుకుని వస్తుంది.

రంగస్థలం ఈ జిల్లాకు అరువు తెచ్చుకున్నదేం కాదు. బళ్లారి రాఘవ పుట్టింది తాడిపత్రిలో, 1880లో. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో తోలుబొమ్మలు ఇప్పటికీ చేస్తున్నారు. ఆ ఊరి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. ఇక ఉరుముల వాద్యం విననివాళ్లకు మాటల్లో చెప్పడం కష్టం. డోలు ఒక వైపు పుల్లతో రాస్తుంటే లోపలినుంచి లేచే ఆ మూలుగు, బేస్ గిటార్ తీగను బాగా వదులు చేసి మీటినప్పటి ధ్వనికి దగ్గరగా ఉంటుంది. జాతరలో అరడజను ఉరుములు ఒకేసారి మోగుతుంటే పక్కనున్న మనిషి మాట వినపడదు. అలాంటిచోట పెరిగిన చెవికి మెటల్ ఎక్కడం వింతేమీ కాదని నా నమ్మకం. మా నాయన ఒప్పుకోడు. ఆయన దృష్టిలో ఉరుములు దేవుడికి, మెటాలికా ఎవరికో తెలియదు.

రాక్ ఈ నేలకు వచ్చిన ఇంకో దారి ఉంది. అది నల్ల టీషర్టుల దారి కాదు. పుట్టపర్తి నుంచి ఎనుములపల్లి మీదుగా పోతుంటే గుమ్మటాలతో రాజభవనంలా కనిపించే సూపర్ స్పెషాలిటీ ఆస్పత్రిని 1991 నవంబరు 22న ప్రధాని పి.వి.నరసింహారావు ప్రారంభించారు. కీత్ క్రిచ్‌లో అనే బ్రిటిష్ వాస్తుశిల్పి గీసిన నమూనా. గుండె ఆపరేషన్లు పైసా తీసుకోకుండా చేసే ఆస్పత్రి. దాని వెనక ఉన్న డబ్బులో పెద్ద భాగం ఐజాక్ టిగ్రెట్‌ది. 1971 జూన్‌లో లండన్‌లో పీటర్ మోర్టన్‌తో కలిసి హార్డ్ రాక్ కేఫ్ తెరిచినాయన. గోడలకు ఎరిక్ క్లాప్టన్ గిటారు, పీట్ టౌన్షెండ్ గిటారు తగిలించి, బర్గర్లు అమ్ముకుంటూ ప్రపంచమంతా పాకిన హోటలు అది. టిగ్రెట్ పుట్టపర్తి సత్యసాయి బాబా భక్తుడు. తన వాటా అమ్ముకుని, వచ్చిన సొమ్ములోంచి ఆస్పత్రికి ఇచ్చాడు. రాక్ సంగీతం మోజు మీద పెరిగిన వ్యాపారం డబ్బుతో కరవు సీమలో గుండె కవాటాలు మారుతున్నాయంటే, మెటల్ వినే కొడుకును తిట్టే తండ్రులు ఒకసారి ఆలోచించుకోవాలి.

ఆ ఇచ్చిపుచ్చుకోవడం రెండువైపులా సాగింది. హార్డ్ రాక్ కేఫ్ ఏ ఊళ్లోకి వెళ్లినా గోడ మీద ‘లవ్ ఆల్, సర్వ్ ఆల్’ అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. టిగ్రెట్ పుట్టపర్తి నుంచి పట్టుకుపోయిన మాట. బెంగళూరు సెయింట్ మార్క్స్ రోడ్డు కేఫ్‌లోకి మొదటిసారి భయపడుతూ అడుగుపెట్టినప్పుడు, అంతా మనది కాని చోట ఆ ఒక్క మాట చిన్నప్పటినుంచి మా జిల్లా గోడల మీద, ఆటోల వెనక చదువుకున్నదే కావడం చూసి పెద్దగా నవ్వేశాను. వెయిటరుకు చెప్పాను. నమ్మలేదు.

కెనడా ట్రంపెట్ విద్వాంసుడు మేనార్డ్ ఫెర్గూసన్‌ది ఇంకో కథ. జాజ్ మనిషే అయినా 1977లో ‘రాకీ’ సినిమా బాణీని తనదైన తీరులో వాయించి పాప్ చార్టుల్లోకి ఎక్కించాడు. అరవైల చివర్లో మదనపల్లె దగ్గరి రిషీవ్యాలీ స్కూల్లో పిల్లలకు సంగీతం చెప్పాడు. తరవాత సత్యసాయిని గురువుగా భావించి, ఆయన సంస్థల విద్యార్థుల బ్రాస్ బ్యాండుకు పాఠాలు నేర్పాడు. అంటే అమెరికాలో టికెట్టు కొని చూడాల్సిన మనిషిని మా పక్క పల్లెల పిల్లలు పైసా ఖర్చు లేకుండా దగ్గరగా విన్నారు. ఎవరిని వింటున్నారో ఎందరికి తెలుసో మరి.

ఇప్పటి పిల్లలకు సీడీ చూపిస్తే అద్దమా అంటారు. పాట, మొహం, వయసు, ఊరు అన్నీ ఒక్కసారే ఫోన్‌లో వస్తాయి. 2025 జనవరి 26న అహ్మదాబాద్‌లో కోల్డ్‌ప్లే కచేరీని ఇంట్లో మంచం మీద పడుకుని చూశారు. అదే ఏడాది ఫిబ్రవరిలో బెంగళూరు వేదిక మీద ఎడ్ షీరన్ గాయని శిల్పారావు పక్కన నిలబడి ‘దేవర’లోని ‘చుట్టమల్లే’ తెలుగులో పాడాడు. మా రోజుల్లో ఇంగ్లీషు పాటలో ఒక్క మాట తెలుగు వినిపిస్తే చాలు, వారం రోజులు చెప్పుకునేవాళ్లం. ఇప్పుడది అరనిమిషం వీడియో. ఈర్ష్య లేదనను, జాలి కూడా లేదనను.

అయినా బస్సు మాత్రం ఇప్పటికీ ఎక్కాల్సిందే. అనంతపురానికి ఏ పెద్ద బ్యాండూ రాలేదు. జనం రారని, టికెట్టు కొనరని నిర్వాహకుల లెక్క కావచ్చు. ఆ లెక్కను ఈ ఊరు రెండుసార్లు తప్పని చూపించింది. విన్సెంట్ ఫెర్రర్ 1969లో మొదలుపెట్టిన ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు) ఆవరణలోకి 2010 అక్టోబరులో రఫెల్ నాదల్ వచ్చాడు. తన పేరు మీద వెలిసిన టెన్నిస్ కేంద్రంలో మన పల్లె పిల్లలతో ఆడాడు. 2024 సెప్టెంబరులో దులీప్ ట్రోఫీ ఆరు మ్యాచ్‌లలో ఐదు ఆర్డీటీ మైదానంలోనే జరిగాయి. టీవీలో తప్ప చూడని క్రికెటర్లు మన ఊరి ఎండలో చెమటలు కక్కారు. ఒక కుర్రాడు ఆగలేక కంచె దాటి పరుగున వెళ్లి రుతురాజ్ గైక్వాడ్ కాళ్లకు మొక్కాడు.

కాబట్టి మైదానం ఉంది, నాలుగు వరసల జాతీయ రహదారి ఉంది, రెండు మూడు గంటల్లో పుట్టపర్తి నుంచీ బళ్లారి నుంచీ చుట్టుపక్కల నుంచీ రాగలిగిన జనం ఉన్నారు. మెటాలికా అక్కర్లేదు. బెంగళూరు కుర్రాళ్ల బ్యాండు ఏదైనా చాలు, ముందు వరసలో నిలబడటానికి నేను సిద్ధం. పదికల్లా ముగించాలి కాబట్టి మా నాయన మాత్రం రాడు.